చెవిన పడే మాట, చెవిన వేసే మాట

(ఆదిలాబాద్‌లో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



నాకు చదువు చెప్పిన సారు పేరు మీద జరిగే ఈ ఉపన్యాసంలో ఇంతవరకు సాహిత్యం గురించే మాట్లాడారు. నన్ను పిలిచినవాళ్లు కూడా అదే అనుకొని ఉంటారు. జిల్లా పరిషత్ బడిలో తెలుగు చెప్పుకునేవాడిని కదా. కానీ ఆరేండ్లుగా నాకు భాష అనగానే గుర్తొచ్చేది మా బిడ్డ కుడి చెవి వెనకాల వేలెడంత మిషన్. ఆ మిషన్ గుండా మా ఇంటి మాట దాని లోపలికి ఎట్లా పోయిందో, ఎక్కడెక్కడ ఆగిపోయిందో చెప్పుకుంటానని అడిగాను. సరే అన్నారు. వారికి నా కృతజ్ఞతలు.

ముందు సారు గురించి ఒక్క మాట. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు పరీక్ష పేపర్లో 'సల్ల' అని రాశాను. అప్పటిదాకా చదివిన బడిలో అలాంటి మాటలను ఎర్ర సిరాతో కొట్టేసేవారు. సారు కొట్టెయ్యలేదు. పక్కన 'మజ్జిగ' అని రాసి, రెండు మాటలనూ కలిపి చుట్టూ ఒక్క సున్నా చుట్టారు. ఏమీ చెప్పలేదు, మార్కూ తియ్యలేదు. ఆ సున్నా ఈ రోజు నేను చెప్పబోయేదానికి మొదలు.

మా బిడ్డ 2017 మొదట్లో పుట్టింది. ఎనిమిదో నెల వచ్చినా పిలిస్తే తిరగడం లేదని ముందు గమనించింది నా భార్య. మా అవ్వ ఒప్పుకోలేదు. బిడ్డ వెనకాల స్టీలు ప్లేటు పడేసి చూసింది. బిడ్డ తిరిగింది. "సూడు, మంచిగనే ఇనవడుతుంది" అన్నది. నాకూ ధైర్యం వచ్చింది. ప్లేటు పడ్డప్పుడు నేల అదురుతుందనీ, చెవి వినకపోయినా ఆ అదురు కింద కూర్చున్న బిడ్డకు తెలుస్తుందనీ అప్పుడు మాకు తెలియదు. చుట్టాలు వచ్చి తలా ఒక మాట చెప్పారు. మీ తాతకు కూడా నాలుగేండ్లకు గాని మాట రాలేదన్నారు. నాలుక కింద నరం కోయించమన్నారు. మా అవ్వ వసకొమ్ము అరగదీసి రోజూ నాలుకకు రాసింది. వస పోస్తే మాట వస్తుందని తరతరాల నమ్మకం. ప్రేమతోనే చేసింది. కానీ మాటకు మొదలు నాలుక అనుకోవడంలోనే మన అందరి పొరపాటు ఉంది. మాటకు మొదలు చెవి. ఇట్లా ఇంకో ఎనిమిది నెలలు పోయాయి.

హైదరాబాద్‌లో బెరా పరీక్ష చేశారు. బిడ్డను మందుతో నిద్రపుచ్చి, నెత్తికి తీగలు అంటించి, చెవుల్లో శబ్దం వదులుతూ మెదడు స్పందిస్తుందా అని చూస్తారు. వినే బిడ్డకు కాగితం మీద చిన్న చిన్న గుట్టలు లేస్తాయి. మా బిడ్డ కాగితం మీద 90 డెసిబెల్స్ దాకా పెంచినా గుట్ట లేవలేదు. లారీ హారన్ పక్కనే మోగినంత చప్పుడు అది. ఆ రాత్రి జూబ్లీ బస్టాండ్ నుంచి ఆదిలాబాద్ దాకా మూడువందల కిలోమీటర్లు మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. బిడ్డ ఒళ్లో నిద్రపోయింది.

పుట్టిన బిడ్డ అక్షరం ముక్క తెలియకుండా వస్తుందనుకుంటాం. అది నిజం కాదు. కడుపులో ఆరో నెల దాటినప్పటి నుంచి బిడ్డకు శబ్దం అందుతుంది. తల్లి గొంతు, ఆమె భాషలోని ఎగుడుదిగుళ్లు పుట్టకముందే పరిచయమవుతాయి. అభిమన్యుడి కథ కల్పించినవాళ్లకు ఈ సంగతి ఎట్లా తోచిందో గాని, అందులో సగం నిజం. మా బిడ్డ ఆ నెలల్లోనూ వినలేదు, పుట్టాక అప్పటిదాకా గడిచిన పదహారు నెలలూ వినలేదు. శబ్దం రాని మెదడు ఖాళీగా కూర్చోదు. వినడానికి ఉంచిన చోటును చూపుకు, స్పర్శకు అప్పగించేస్తుంది. అమెరికాలో అను శర్మ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధనల్లో తేలింది ఇదే. మూడున్నర ఏండ్ల లోపు శబ్దం అందిన పిల్లల మెదడు తోటి పిల్లలతో సమానంగా స్పందించడం నేర్చుకుంటుంది. ఏడేండ్లు దాటితే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.

అందుకే ఈ సభలో ఉన్న ప్రతి తల్లికి, తండ్రికి, ఆశా కార్యకర్తకు చేతులు జోడించి చెబుతున్నాను. బిడ్డ పుట్టాక దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేలోగా చెవి పరీక్ష చేయమని అడగండి. ఓఏఈ అంటారు. నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న మొన పెడతారు, కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు. నెల లోపు ఈ పరీక్ష, తేడా కనిపిస్తే మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స మొదలు కావాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడు కూడా చూడవలసిన జబ్బుల్లో ఉంది. నెలలు నిండక పుట్టినా, పుట్టగానే పచ్చకామెర్లు ముదిరినా, గర్భంతో ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా సోకినా మరీ జాగ్రత్తగా ఉండాలి. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో బడి పిల్లలందరికీ మీజిల్స్-రుబెల్లా టీకా వేసింది ఇందుకోసం కూడా. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ఇండ్లలో, వంశంలో దాగి ఉన్న లోపం రెండు వైపుల నుంచి కలిసి బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. మాది మేనరికమే. ఇది ఎవరి తప్పని వెతకడానికి చెప్పడం లేదు. పక్క ఇంట్లో మరో బిడ్డకు ఆలస్యం కాకూడదని చెబుతున్నాను.

ఇక మిషన్ సంగతి. లోపలి చెవిలో నత్తగుల్లలాగా రెండున్నర చుట్లు తిరిగిన ఎముక ఉంటుంది. కాక్లియా అంటేనే నత్త. దాని లోపలి వరుసలో మూడున్నర వేల సూక్ష్మమైన రోమకణాలు శబ్దాన్ని నరానికి అందిస్తాయి. అవి లేకపోతే ఎంత పెద్ద శబ్దమైనా నరం దాకా పోదు. ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ అనే డాక్టరు ఆ నరానికే నేరుగా కరెంటు అందించవచ్చునా అని ఏండ్ల తరబడి పట్టుకున్నాడు. ఆయన తండ్రి మందుల షాపు నడిపేవాడు, ఆ తండ్రికి చెవులు సరిగా వినిపించేవి కావు. గిరాకీలు చెప్పేది అందక తండ్రి పడిన బాధ చూస్తూ పెరిగిన కొడుకు. కరెంటు మోసే తీగను గుల్ల చుట్లలోకి ఎట్లా పంపాలో తోచక 1977లో సముద్రపు ఒడ్డున ఒక గవ్వలోకి గడ్డిపరకను దూర్చి చూశాడు. మొన మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న గడ్డి చుట్లు తిరిగి లోపలికి పోయింది. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో తన మొదటి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేశాడు. ఆయన మార్గంలో వచ్చిన తీగలో 22 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. మూడున్నర వేల కణాలు చేసే పనిని ఇరవై రెండు చుక్కలు చేయాలి. మన సంగీత శాస్త్రం కూడా శ్రుతులను ఇరవై రెండుగానే లెక్కించిందని చదివినప్పుడు నాకు ఎందుకో గుండె నిండింది.

కానీ ఆ మొదటి ఆపరేషన్ చేయించుకున్న రాడ్ సాండర్స్ పెద్దవాడు, ప్రమాదంలో వినికిడి పోగొట్టుకున్నవాడు. ఆయన లోపల మాటలు ముందే ఉన్నాయి. మా బిడ్డ లోపల ఏమీ లేవు. ఈ తేడా మాకు ఆపరేషన్ అయ్యాక గాని అర్థం కాలేదు.

ఆరు లక్షలకు పైబడిన ఖర్చు నాలాంటివాడు భరించేది కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్‌ను చేర్చకపోయి ఉంటే ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఎంతమంది పిల్లలు మాట లేకుండా పెరిగేవారో! 2014లో కేంద్రం కూడా వికలాంగులకు సాయం చేసే ఏడిప్ పథకం కింద ఏటా 500 మంది పిల్లలకు, ఒక్కొక్కరికి 6 లక్షల దాకా ఇవ్వడం మొదలుపెట్టింది. ముంబయిలోని అలీ యావర్ జంగ్ సంస్థ ఆ పని చూస్తుంది. ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా చేసిన మన హైదరాబాదీ పేరు అది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లు చేస్తారు. ఇవన్నీ ఎవరి దయా కాదు, పన్నులు కట్టిన మనందరి సొమ్ము. అడగడానికి సిగ్గుపడొద్దు.

2019లో మా బిడ్డకు రెండేండ్లు నిండాక ఆపరేషన్ అయింది. కుట్లు మానడానికి మూడు నాలుగు వారాలు ఆగి, ఆ తర్వాత చెవి వెనకాల బయటి మిషన్ పెట్టి స్విచ్ ఆన్ చేస్తారు. సినిమాల్లో, సెల్‌ఫోన్ వీడియోల్లో చూసి ఉంటారు, బిడ్డ మొహం వెలిగిపోతుంది, తల్లి కండ్లు తుడుచుకుంటుంది. మా బిడ్డ ఏడ్చింది. చెవి దగ్గరి కాయిల్‌ను పీకి విసిరికొట్టి తల్లి కొంగులో మొహం దాచుకుంది. రెండేండ్లు నిశ్శబ్దంలో బతికిన ప్రాణానికి అది శబ్దం అని కూడా తెలియదు. "ఇది పుట్టిన రోజు అనుకోండి, ఈ రోజు నుంచి వినికిడి వయసు లెక్కపెట్టుకోండి" అన్నది మిషన్ సరిచేసే మేడమ్. మ్యాపింగ్ అంటారు. ఏ ఎలక్ట్రోడుకు ఎంత కరెంటు అన్నది బిడ్డను చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు. ఆ మేడమ్ చెప్పిన మాట నాకు తర్వాత ఎన్నోసార్లు ఊతమైంది. మూడేండ్ల బిడ్డకు మాటలు సరిగా రావడం లేదని కుమిలిపోతున్నప్పుడు, దీనికి చెవి వయసు ఏడాదే కదా అని సర్దుకునేవాళ్లం.

నా భార్య బిడ్డతో హైదరాబాద్‌లో ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉన్నది. ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు స్పీచ్ థెరపీ ఉంటుంది. జిల్లాలో ఆ సౌకర్యం లేని ఇండ్లన్నీ ఇట్లాగే రెండు ముక్కలవుతాయి. తల్లి, బిడ్డ పట్నంలో, తండ్రి ఊరిలో. శనివారం రాత్రి కృష్ణా ఎక్స్‌ప్రెస్‌కో బస్సుకో పోయి ఆదివారం ఉండి వచ్చేవాణ్ని.

అక్కడ థెరపీలో బొమ్మల కార్డులు పెట్టి నేర్పేవారు. మీసాలున్న మనిషి బొమ్మ చూపించి 'నాన్న' అనేవారు. ఆరేడు నెలలకు బిడ్డ ఆ కార్డు చూసి 'నాన్న' అన్నది. ఫోన్లో వినిపిస్తే నేను బడి వరండాలో నిలబడి ఏడ్చాను. ఆదివారం పోయాను. బిడ్డ నన్ను చూసి కార్డు వైపు చెయ్యి చూపించి 'నాన్న' అన్నది. నా వైపు తిరిగి ఏమీ అనలేదు. దాని లెక్కలో నాన్న అంటే ఆ కాగితం మీద మీసాల మనిషి. మా ఇంట్లో తండ్రిని నాన్న అని పిలిచినవాళ్లు ఎవరూ లేరు. మా నాయినను నేను బాపు అనేవాణ్ని, మా ఊర్లో అందరూ అదే అంటారు. ఉల్లిగడ్డను ఉల్లిపాయగా, ఆలుగడ్డను బంగాళాదుంపగా, సోరకాయను ఆనపకాయగా, తొక్కును పచ్చడిగా నేర్చుకున్న బిడ్డ, వాటిని తినే ఇంట్లో ఆ మాటలు ఎక్కడా వినదు. నేర్చిన మాట ఒకచోట, బతుకు ఒకచోట.

థెరపీ చెప్పినవాళ్లది తప్పని నేననను. వాళ్లు చదువుకున్న పుస్తకం ప్రకారం ఒక్క భాష, స్పష్టమైన భాష అని పట్టుబట్టారు. వాళ్ల కష్టం నేను చూశాను. కానీ అదే గదిలో మాతో పాటు కూర్చునే ఉట్నూరు వైపు గోండు తల్లి సంగతి చెప్పాలి. ఆమె కొడుక్కు మూడేండ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడాలని ఆమెకు చెప్పారు. ఆమెకు వచ్చిన తెలుగు అంగడి తెలుగు. ఎంత, ఇయ్యి, వద్దు, పోదాం. ఆ నాలుగు మాటలతో బిడ్డకు కథ చెప్పగలదా, అన్నం తినిపిస్తూ ముచ్చటపెట్టగలదా? గోండీలో మాట్లాడితే బిడ్డకు చెడు చేసినట్టవుతుందని భయపడి ఆమె ఇంట్లో మాట్లాడడమే తగ్గించేసింది. లక్షలు పెట్టి ఆ బాబుకు చెవి ఇచ్చాం. ఆ చెవికి అందవలసిన తల్లి గొంతును మనమే ఆపాం. ఇంతకన్నా దుఃఖం నేను చూడలేదు.

వినికిడి మిషన్లు పెట్టుకున్న పిల్లలు రెండు భాషలు కూడా నేర్చుకోగలరని ఇప్పుడు పలు దేశాల్లో చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. తల్లిదండ్రులకు ఏ భాష ధారాళంగా వస్తుందో ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడాలన్నది ఈ రంగం పెద్దలు చాలామంది ఒప్పుకున్న మాట. మన జిల్లాకు ఇది కొత్త కూడా కాదు. 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం పెట్టించినప్పుడు పిల్లల మొదటి వాచకాలు గోండీలోనే తయారు చేయించారు. గుంజాల ఊర్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇన్ని చేసుకున్న జిల్లాలో వినికిడి లోపం ఉన్న గోండు బిడ్డకు నీళ్లను 'ఏర్' అని నేర్పే థెరపిస్టు లేకపోవడం ఏమిటి? కొలాం బిడ్డకు, లంబాడా బిడ్డకు, తాంసి, బేల వైపు మరాఠీ మాట్లాడే బిడ్డకు ఎవరున్నారు? సారు 'సల్ల'ను, 'మజ్జిగ'ను కలిపి చుట్టిన సున్నాలో ఈ మాటలన్నీ పట్టాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. థెరపీ ఆగింది, మ్యాపింగ్ ఆగింది, అర్ర ఖాళీ చేసి తల్లీబిడ్డలు ఊరికి వచ్చారు. అంతా పోయిందనుకున్నాం. అప్పుడు మొదలైంది మా అవ్వ. బిడ్డ ఆమెను బాపమ్మ అంటుంది.

మనం 'చెవిన పడింది' అంటాం, 'చెవిన వేశాను' అంటాం. వినే పిల్లలకు భాషలో ఎక్కువ భాగం చెవిన పడేదే. పక్క గదిలో మాట, గోడ అవతల తగాదా, టీవీ, అంగడి, బస్సులో ముచ్చట, ఎవరూ నేర్పకుండానే రోజూ వేల మాటలు రాలుతుంటాయి. మిషన్ పెట్టుకున్న బిడ్డకు దూరం నుంచి వచ్చే మాట అందదు, నలుగురు ఒక్కసారి మాట్లాడితే కలిసిపోయి రొద అవుతుంది. ఒక్క చెవికే మిషన్ ఉంటే శబ్దం ఎటు నుంచి వచ్చిందో తెలియదు. మొదట్లో ఆకిట్ల నుంచి పిలిస్తే మా బిడ్డ నిలబడ్డచోటే గుండ్రంగా తిరిగేది, ఎవరు పిలిచారో వెతుక్కుంటూ. అందుకని ప్రతి మాటనూ దగ్గరికి పోయి చెవిన వేయాలి. దానికి కావలసింది ఓపిక, కూర్చునే తీరిక, ఆగని నోరు. మా అవ్వకు ఈ మూడూ ఉన్నాయి.

ఆమె ఏ థెరపీ చదవలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకునేది. "ఇగో రాయి. పారేద్దామా? పారేసినం. ఇంకో రాయి. ఇది పెద్ద రాయి. నీ చెయ్యి తే. నువ్వు పారెయ్యి." అదే మాట ఇరవై సార్లు, ప్రతిసారీ కొంచెం మారుతూ. బర్రెతో మాట్లాడేది, కోడితో మాట్లాడేది, పొయ్యితో మాట్లాడేది. కావ్ కావ్, అంబా, గలగల, టపటప, బుడబుడ, చుయ్. మన భాషలో ఇన్ని చప్పుడు మాటలు ఉన్నాయి, వాటి విలువ నాకు అప్పటిదాకా తెలియదు. వినడం కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు ముందు నేర్పవలసినవి ఇవే అని థెరపీ పుస్తకాలు కూడా చెబుతాయి. చప్పుడు, దాని పేరు ఒక్కటే కాబట్టి బిడ్డ పట్టుకుంటుంది. చెవిల ఇల్లు కట్టుకొని చెప్పడం అంటే ఏమిటో నేను మా అవ్వను చూసి తెలుసుకున్నాను. ఆ ఏడాది దీపావళి నాటికి బిడ్డ నన్ను చూసి 'బాపు' అన్నది. కార్డు లేకుండా, నా గదువ పట్టుకొని.

తెలుగు చెప్పేవాణ్ని కాబట్టి ఇంకొక సంగతి. మన భాషలో పని అంతా మాట చివర జరుగుతుంది. కు, ను, తో, ల. 'ఇల్లు' వేరు, 'ఇంట్ల' వేరు, 'ఇంటికి' వేరు. ఆ చివరి అక్షరాన్ని మనం మింగేస్తాం, తేల్చి పలకం. మామూలు చెవి పట్టుకుంటుంది గాని ఇరవై రెండు చుక్కల చెవికి అది జారిపోతుంది. మా బిడ్డ చాలా కాలం "బాపు బడి పోయిండు" అనేది. 'బడికి' అందలేదు. అచ్చులు తొందరగా వచ్చాయి. స, ష లాంటి సన్నని చప్పుళ్లు ఆలస్యమయ్యాయి. రోజూ పొద్దున మిషన్ పెట్టగానే మేము చేసే పరీక్ష ఒకటుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఆరు శబ్దాలు పలుకుతాం. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. బిడ్డ తిరిగి అనాలి. ఆరూ వస్తే ఆ రోజు మిషన్ బాగున్నట్టు. డేనియల్ లింగ్ అనే ఆయన కట్టిన పరీక్ష ఇది. మాకు ఇది దేవుడికి దీపం పెట్టినట్టు, ఒక్క రోజూ తప్పదు.

బతుకమ్మ నాడు ఒక చిత్రం చూశాను. ఈ మిషన్‌తో రాగం సరిగా అందదు, స్వరం ఎక్కిందీ దిగిందీ తెలియడం కష్టం. కానీ దరువు బాగా అందుతుంది. ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ, వంగి లేస్తూ చప్పట్లు కొడుతున్నారు, ప్రతి చరణం చివర అదే మాట తిరిగి వస్తున్నది. నాలుగైదు చుట్లు తిరిగాక మా బిడ్డ ఆ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ముందే నోరు తెరిచి సిద్ధంగా ఉన్నది. పాట దానికి రాలేదు, పాట ఎక్కడ ముగుస్తుందో వచ్చింది. గోండుల దండారి పండుగ నాడు తుడుం డోలు మోగినప్పుడు కూడా అంతే, పాదం తప్పలేదు.

కష్టాలు చెప్పకుండా ముగించలేను. పత్తి ఏరిన రోజుల్లో అందరి ఇండ్లలాగే మాకూ ఒక అర్ర నిండా పత్తి కుప్ప ఉంటుంది. ఒక నవంబర్ సాయంత్రం పిల్లలంతా ఆ కుప్ప మీద దుంకి ఆడారు. బయటికి వచ్చేసరికి బిడ్డ చెవి మీద మిషన్ లేదు. తెల్లటి పత్తిలో లేత రంగు మిషన్, వేలెడంత. గంటన్నర వెతికాం. నలిగిపోతుందేమోనని అడుగు తీసి అడుగు వెయ్యలేము. బిడ్డ గడపలో నిలబడి మా పెదవులు చూస్తున్నది, ఏమైందని అడిగినా మేము చెప్పేది దానికి వినిపించదు. చివరికి మా అవ్వకే తట్టింది. కాయిల్‌లో అయస్కాంతం ఉంటది కదా అని కొడవలి తెచ్చి, మొద్దు వైపు పత్తిలో మెల్లగా దూర్చి దువ్వెనతో దువ్వినట్టు దువ్వింది. ఎంతో సేపటికి టక్కుమని అంటుకున్నది. ఇప్పుడు మిషన్‌కు దారం కట్టి గౌనుకు పిన్ను పెడతాం. చలికాలంలో మంకీ టోపీ కింద జారిపోతుంది, అది వేరే యుద్ధం. వానాకాలం తేమ తగలకుండా రాత్రి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడతాం.

ఒకసారి కేబుల్ తెగింది. గ్యారంటీ కాలం దాటిపోయింది. అమ్మిన ఆఫీసుకు ఫోన్ చేస్తే డబ్బు ముందు కట్టమన్నారు, కట్టాక స్టాకు లేదన్నారు. పందొమ్మిది రోజులు బిడ్డ మళ్లీ నిశ్శబ్దంలో ఉన్నది. ఆ పందొమ్మిది రోజుల్లో 'బస్సు' 'బత్తు' అయింది. ఒక్కొక్క శబ్దం మా కండ్ల ముందే వెనక్కి నడిచిపోతుంటే చేతకాక చూశాం. ఆపరేషన్‌కు లక్షలు ఇచ్చే ప్రభుత్వం, ఆ తర్వాత కేబులుకు, కాయిలుకు, బ్యాటరీకి, ఏండ్ల తర్వాత మార్చవలసిన ప్రాసెసరుకు ఏర్పాటు చెయ్యకపోతే ఆ లక్షలు ఏం కావాలి? కూలికి పోయే ఇంట్లో మిషన్ గూట్లో పడి ఉండడం నేను చూశాను. పాడైంది కాబట్టి తీసేశాం అన్నారు, అంతే. జిల్లా కేంద్రంలో నాలుగు కేబుళ్లు, నాలుగు కాయిళ్లు దాచి ఉంచి, అవసరమైనవాళ్లకు ఆ రోజే ఇచ్చి, తర్వాత లెక్క చూసుకునే పద్ధతి పెట్టలేమా? నెలకొకసారి మ్యాపింగ్ చేసేవాళ్లు ఇక్కడి రిమ్స్ దవాఖానకు రాలేరా? మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, వాటిలో పనిచేసే టీచర్లు పిల్లల ఇండ్లకు పోతారు. వాళ్లలో గోండీ, కొలామీ, లంబాడీ వచ్చినవాళ్లను ఎంచి ఆరు నెలలు మంచి శిక్షణ ఇప్పిస్తే మూడువందల కిలోమీటర్ల దూరం ఇంటి గడపకు వస్తుంది. కలెక్టరు గారికి, సభలో ఉన్న అధికారులకు నేను రాసి కూడా ఇస్తున్నాను.

సైగల గురించి అడుగుతారు చాలామంది. మిషన్ పెట్టాక సైగ చేస్తే మాట రాదని మాకూ భయపెట్టారు. మేము మానలేదు. స్నానం చేసేటప్పుడు, కుంటాల జలపాతం నీళ్లలో ఆడేటప్పుడు, రాత్రి పండుకున్నాక మిషన్ ఉండదు. అప్పుడు బిడ్డతో మాట్లాడొద్దా? చేతులతో మాట్లాడతాం. భారతీయ సైగల భాషకు 2015లో ఢిల్లీలో జాతీయ సంస్థ ఏర్పడింది, పదివేల మాటల నిఘంటువు వచ్చింది. అది పూర్తి భాష, దానికి వ్యాకరణం ఉంది. కాక్లియా గాని నరం గాని అసలే ఏర్పడని పిల్లలకు ఈ ఆపరేషన్ పనిచేయదు, ఆలస్యంగా తెలిసిన పిల్లలకు ఫలితం తక్కువ. ఆ పిల్లలకు మొదటి రోజు నుంచే సైగల భాష ఇవ్వాలి, వారి తల్లిదండ్రులకూ నేర్పాలి. బిడ్డకు భాష కావాలి, అది చెవి నుంచి వచ్చినా చేతి నుంచి వచ్చినా. 'మూగది' అన్న పిలుపు మన ఊర్ల నుంచి పోవాలి.

మా బిడ్డకు ఇప్పుడు ఎనిమిదేండ్లు. మూడో తరగతి. ఇంకా కొన్ని మాటలు తప్పుతాయి, గోల ఎక్కువగా ఉన్న క్లాసులో వెనక పడుతుంది, మొదటి బెంచీలో టీచర్‌కు కుడి పక్కన కూర్చోబెడతాం, మిషన్ ఉన్న కుడి చెవి టీచర్ వైపు ఉండేటట్టు. ఈ దారి పొడుగు నాకు తెలుసు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక మధ్యాహ్నం బిడ్డ లోపలి అర్రలో గోడ వైపు తిరిగి కూర్చొని బొమ్మ గీస్తున్నది. బయట అరుగు మీద మా అవ్వ, పక్కింటి ఆమె మాట్లాడుకుంటున్నారు. ఏవో ముచ్చట్లు, నేను కూడా సరిగా వినలేదు. మాటల మధ్యలో పక్కింటామె "మీ బర్రె కట్టు తెంపుకున్నట్టున్నది, చప్పుడయితుంది" అన్నది. బిడ్డ పెన్సిల్ కింద పెట్టి లేచింది. మా ముందు నుంచే కొట్టం దాకా ఉరికింది, మళ్లీ ఉరికొచ్చి అరుగు దగ్గర నిలబడ్డది.

"లేదు బాపమ్మా. తెంపుకోలే. కట్టేసే ఉన్నది."

'తెంపుకోవడం' అన్న మాట దానికి ఎవరం నేర్పలేదు. దాన్ని ఎవరూ పిలవలేదు, దాని మొహం చూసి ఎవరూ మాట్లాడలేదు. మా అవ్వ నా వైపు చూసింది. నేను నా భార్య వైపు చూశాను. బిడ్డ మాత్రం లోపలికి పోయి బొమ్మకు రంగు వేసుకోవడం మొదలుపెట్టింది.